పారశీక రాకుమారుని పునరాగమనములు

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపుమని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, మన పూర్వులు తెలంగాణమునుండి మగ్గములతో షోలాపురమునకు వలస వచ్చిన వృత్తాంతమునే వ్రాయవలెనని మొదట తలచితిమి. కాని ఆ విషయమును మాకంటె బాగుగా నెరిగినవారు ఇదివరకే పెక్కుమారులు వ్రాసియున్నారు. మిల్లుల కథయు, మార్కండేయ రథోత్సవపు కథయు ఏదో యొక రూపమున ప్రతి సంచికలోను వచ్చుచునే యున్నవి. అందుచేత ఈ మారు చదువరులకు కొంత వింతగా తోచు విషయమును చేపట్టితిమి. అది యొక కంప్యూటరు ఆట చరిత్ర.

పిల్లల ఆటకు చరిత్ర యేమని కొందరు పెద్దలు నవ్వవచ్చును. ఆ ఆట పేరు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’, అనగా పారశీక రాకుమారుడు. అది 1989లో పుట్టినది. దానిని తొలిసారి ఆడిన బాలురకు నేడు తల నెరసినది. ముప్పదియైదేండ్లకు పైగా ఒక కథానాయకుడు మరల మరల పడుచు, మరల మరల లేచుచు, లేచిన ప్రతిమారును పాత అభిమానుల యెదుట పరీక్షకు నిలువవలసివచ్చుట విచారింపదగిన సంగతియే. పైగా ఆ కథలోని తుది ఘట్టములలో నొకటి మన మహారాష్ట్రములోనే, పూనా బొంబాయి నగరములలో నడచినది. ఆ ఘట్టమున మా యింట తండ్రికొడుకులకు మాటపట్టింపు కూడ కలిగెను. కావున ఈ చరిత్రతో మాకు కొంత సంబంధము కలదని మనవి.

1990 తరువాతి సంవత్సరములలో మేము గుమాస్తాగా నుండిన ఆఫీసునకు రెండు కంప్యూటర్లు వచ్చినవి. వానికి ప్రత్యేకముగా చల్లని గది యొకటి ఏర్పరచి, చెప్పులు బయట విడిచి లోనికి పోవలెనని నియమము పెట్టిరి. గర్భగుడికైనను మేమంత శుచి పాటించితిమో లేదో! బిల్లులు తయారుచేయుటకై వచ్చిన ఆ యంత్రములలోనికి, ఎవరు తెచ్చిరో గాని, ఒక ఫ్లాపీ ద్వారా ఈ రాకుమారుడు కూడ ప్రవేశించెను. మధ్యాహ్నము భోజనపు డబ్బాలు మూసిన వెంటనే నలుగురైదుగురము ఆ గదిలో చేరుచుంటిమి. ఒకరు మీటలు నొక్కుచుండగా తక్కినవారు వెనుక నిలిచి ‘దుముకు, దుముకు’ అని హెచ్చరించుచుండిరి. ఆ ఆటకు మాలో నెవ్వరమును ఒక్క పైసయైన చెల్లించినవారము కాము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని ముందే చెప్పుచున్నాము.

ఆటలోని కథ చిన్నది. సుల్తాను యుద్ధమునకై దూరదేశమున నుండగా జాఫరు అను మంత్రి అధికారము నపహరించి, రాకుమార్తెను బంధించి, తన్ను వివాహమాడుటకో మరణించుటకో ఒక గంట గడువిచ్చును. ఆమె వలచిన యువకుడు చెరసాల యడుగున పడియుండును. ఆడువారు ఆ యువకుని నడిపించి, 60 నిమిషములలో అంతస్తు వెంట అంతస్తు దాటించి పైకి చేర్చవలెను. నేలనుండి ఇనుపశూలములు లేచును. కాలు మోపిన పలక ఊడి పడును. గోడల నడుమ పెద్ద కత్తులు కోరలవలె మూసికొనుచు తెరచుకొనుచుండును. పదునారేండ్ల ఆయువు గల మార్కండేయుని కథ వినుచు పెరిగిన మాకు, గడువుతో పోరాడు కుర్రవాని కథ సులభముగనే మనస్సునకు పట్టెను. అయితే ఆ గంట గడువు ముగియక మునుపే మా భోజన విరామము ముగియుచుండెను. రాకుమారుని శూలములమీదనే విడిచి ఫైళ్ల యొద్దకు పోయిన దినములు పెక్కు కలవు.

ఈ ఆటను నిర్మించినవాడు జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు. యేల్ విశ్వవిద్యాలయమున చదువుచుండగనే ‘కరాటేకా’ అను ఆటను చేసి, 1984లో అది వెలువడగా పేరు తెచ్చుకొనెను. తరువాత కొన్ని యేండ్లు ఇంచుమించు ఒంటరిగా శ్రమించి, ఆపిల్–2 అను చిన్న కంప్యూటరు కొరకు ఈ రాకుమారుని సృష్టించెను. దానిని ప్రచురించినది బ్రోడర్‌బండ్ సంస్థ. సంగీతము కూర్చినవాడు మెక్నరు తండ్రి. పరుగెత్తినవాడు తమ్ముడు. పరుగెత్తుటయన మాటవరసకు కాదు. మెక్నరు తన తమ్మునికి తెల్లని దుస్తులు తొడిగించి, అతడు పరుగెత్తుటను, దుముకుటను, గోడ పట్టుకొని ప్రాకుటను వీడియో తీసి, ఆ చిత్రములను ఒక్కొక్కటిగా నిలిపి, దేహపు రేఖలను తెరపైకి దింపెను. కత్తియుద్ధమునకు మాత్రము 1938 నాటి రాబిన్‌హుడ్ చలనచిత్రములోని పోరును ఆధారముగా గైకొనెను.

మన షోలాపురపు చద్దరు నేయువారికి ఈ పని కొత్తగా తోచదు. గళ్ల కాగితముపై నెమలిని గీసి, ఏ గడి నింపవలెనో ఏ గడి విడువవలెనో నిర్ణయించి, దాని ననుసరించి జకార్డు అట్టలకు రంధ్రములు పొడుచుట మన వీధులలో మేము చిన్ననాటినుండి చూచినదే. ఒక్కొక్క అట్ట తిరిగినకొలది పోగులు లేచి దిగి, నెమలి బట్టపైకి వచ్చును. మెక్నరు తెరపై చుక్కలతో చేసినదియు ఇట్టిదే. దూరమునుండి చూచిన మనిషి. దగ్గరకు పోయి చూచిన గళ్లు. మా తండ్రిగారు బ్రదికియుండి ఆ తెరను చూచియుండిన, ఆ కుర్రవాని సాహసమునుగూర్చి గాక, ఆ బొమ్మకు ఎన్ని గళ్లు పట్టినవో యడిగియుందురు.

ఆ ఆటలో నీడమనిషి యొకడు కలడు. వాని పుట్టుక చిత్రమైనది. కంప్యూటరు జ్ఞాపకములో స్థలము చాలక, శత్రువునకై వేరుగా బొమ్మలు చేర్చుటకు మెక్నరునకు వీలు కాకుండెను. అప్పుడు రాకుమారుని బొమ్మనే వెలుగునీడలు తారుమారు చేసి మరియొక మనిషిగా చూపుట కుదిరెను. కథలో రాకుమారుడు ఒక అద్దములోనుండి దుమికినప్పుడు వాని నీడ విడివడి ఎదుటి దిక్కునకు పారిపోవును. అది మొదలు ఆ నీడ వానికి అడుగడుగున అడ్డు తగులుచు, వాడు త్రాగవలసిన ఔషధమును తానే త్రాగిపోవును. చివరకు ఇరువురును కత్తులతో ఎదురుపడుదురు. నీడను పొడిచినచో రాకుమారునికే గాయమగును. కత్తిని ఒరలో పెట్టి ఎదురుగా నడచిపోయిననే ఇద్దరును ఒకటగుదురు. ఈ రహస్యము తెలియక మేము నెలదినములు ఆ నీడతో పోరాడి చచ్చితిమి. తుదకు దానిని కనిపెట్టినవాడు హెడ్‌క్లర్కుగారు కాదు, మా ఆఫీసు ప్యూను.

1989 నాటికి ఆపిల్–2 కంప్యూటరునకు కాలము తీరుచుండుటచే, ఆట మొదట అంతగా అమ్ముడుపోలేదు. 1990లో ఐ.బి.ఎమ్. జాతి కంప్యూటర్లకును, 1992లో మాకింటాష్‌నకును వచ్చిన పిమ్మట దానికి ప్రపంచఖ్యాతి కలిగెను. 1993లో రెండవ భాగము వచ్చెను. ఇంతవరకు సృష్టికర్త చేతిలోనే యున్నందున ఎవరికిని సందేహము లేదు.

సందేహము పుట్టినది 1999లో. ఆ యేట ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా 3డీ’ అను ఆట వెలువడెను. అప్పటికి ఆటలన్నియు పొడవు వెడల్పులతో పాటు లోతు గల లోకములుగా మారుచుండెను. రాకుమారుని గూడ ఆ లోకములోనికి దింపిరి. కాని వాని యొడలు మాట వినలేదు, చూపు కోణము అడ్డుపడుచుండెను, ఆటనిండ దోషములుండెను. పాత ఆటలో మీట నొక్కినప్పుడు ఆ కుర్రవాని బరువు మన వ్రేలికి తెలియుచుండెను. అట్టి వానిని కొయ్యబొమ్మ చేసిరని అభిమానులు మండిపడిరి. నాటినుండి రాకుమారుడు మరల వచ్చుచున్నాడనగానే ‘మరల చంపుటకా?’ అను ప్రశ్న పుట్టెను. అభిమానుల సందేహమును దురభిమానమని తీసివేయువారు ఈ 1999 సంగతిని మరువరాదు. ఒకసారి చేయి కాలినవాడే మజ్జిగను ఊదుకొని త్రాగును.

నాలుగేండ్లకు, 2003లో, ఫ్రెంచివారి యూబీసాఫ్ట్ సంస్థ తన కెనడా శాఖయగు మాంట్రియలులో ‘శాండ్స్ ఆఫ్ టైమ్’ను నిర్మించెను. కాలపు ఇసుకలు అని దాని యర్థము. మెక్నరే దాని కథ వ్రాసెను. ఇది నిజమైన పునరుజ్జీవనమని మా యభిప్రాయము. మా కుమారుని యభిప్రాయమైతే చెప్పనక్కరలేదు. వాడు ఆ యాటను ఆడిన దినములలో పదవ తరగతి పుస్తకములు మంచము క్రిందనే నిద్రించెను.

ఆ యాట మన దేశముననే మొదలగుట ఒక విశేషము. పారశీక సైన్యము హిందూదేశపు మహారాజు కోటపై పడగా, రాకుమారుడు అచ్చట ఒక మాయబాకును కొల్లగొనును. మహారాజు కూతురగు ఫరా బందీయగును. వంచకుడైన మంత్రి మాటలకు లోబడి రాకుమారుడు ఇసుకగడియారమును తెరువగా, జనమంతయు రాక్షసులుగా మారుదురు. ఇక పాత గంట గడువునకు మారుగా ఇందులో నిర్మాతలు ఏమి చేసిరో గమనింపదగును. ఆ బాకులోని ఇసుకతో కాలమునే కొంత వెనుకకు త్రిప్పవచ్చును. పడినవాడు పడకమునుపటి చోటికి తిరిగి రావచ్చును. పాత ఆటలో కాలము శత్రువు. ఈ ఆటలో కాలము చేతి పనిముట్టు. అయినను పరుగు, దుముకు, గోడ పట్టు, కాలి క్రింద లోయ, ఇవన్నియు పాతవే. ఏది విడువదగినదో, ఏది విడువరానిదో ఆ నిర్మాతలు ఎరిగియుండిరి.

చివర మరియొక మెలిక కలదు. రాకుమారుడు కాలమును మొదటికంట త్రిప్పివేయును. జరిగినదంతయు జరుగనిదగును. అతడు ఫరాను కలిసికొని తమ కథను చెప్పినప్పుడు, ఆమెకేమియు జ్ఞాపకముండదు. తోడుగా తిరిగినది ఇద్దరైనను, గుర్తున్నది ఒక్కనికే. మా కుమారుడు ఆ ఘట్టమును ముగించి, తెర ఆర్పక చాలసేపు కూర్చుండుట మేము గడపయొద్దనుండి చూచితిమి.

తరువాతి భాగములను త్వరగా దాటుదము. 2004 నాటి భాగమున రాకుమారుని కోపిష్ఠిగా, నెత్తురు చిందించువానిగా చూపిరి. అది మెక్నరునకే రుచింపలేదు. 2005లో కొంత సర్దుకొనిరి. 2008లో కొత్త రాకుమారుడు, కొత్త కథ. 2010లో మరియొక ఆటయు, హాలీవుడ్ చలనచిత్రమును వచ్చినవి. ఈ నడుమ ఆ సంస్థవారే రాకుమారుని కథకు ఉపకథగా మొదలిడిన యొక ప్రయత్నము ‘అసాసిన్స్ క్రీడ్’ అను వేరు ఆటగా 2007లో వెలువడి, తల్లిని మించి పెరిగి, తల్లి పాలు కూడ తానే త్రాగెను. 2010 తరువాత పదియేండ్లు రాకుమారుని పెద్ద ఆట యేదియు రాలేదు.

ఆ నిశ్శబ్దములో జరిగిన యొక చిన్న సంగతి, రికార్డు గదిలో జీవితము గడపిన మాకు మిక్కిలి ప్రియమైనది. 1989 నాటి ఆట యొక్క అసలు ప్రోగ్రాము వ్రాత పోయినదని మెక్నరు చాలకాలము తలచెను. 2012లో ఆయన తండ్రి ఇల్లు సర్దుచుండగా ఒక పెట్టెలో పాత ఫ్లాపీలు దొరకెను. పాత యంత్రములు తెలిసినవారి సాయమున వానిని చదివించి, ఆ వ్రాతనంతయు లోకమునకు ఉచితముగా నిచ్చిరి. కొడుకు పోగొట్టుకొన్నదానిని తండ్రి అటకమీద దాచియుంచుట ఏ దేశమందైనను ఒకటే కాబోలు!

ఇచ్చట అభిమానుల మనస్సునుగూర్చి రెండు మాటలు. ప్రియమైన పాత ఆట మరల వచ్చుననిన వారికి ఆశయు భయమును ఒక్కసారిగా కలుగును. 2015లో ‘షెన్మూ’ అను జపాను ఆట యొక్క మూడవ భాగమునకై, అది తయారుగాకమునుపే అభిమానులు చందాలుగా 60 లక్షల డాలర్లకు పైగా ఇచ్చిరి. రెండవ భాగము వచ్చిన 18 ఏండ్లకు, 2019లో అది వచ్చినప్పుడు, పాతకాలపు నడక మారలేదని కొందరు సంతసించిరి, మారలేదనియే కొందరు విసుగుకొనిరి. మన ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడును మనలో ఇట్టి తగవే నడచినది గదా! ఘటోత్కచునికి రంగు వచ్చినది గాని వెన్నెలకు చల్లదనము పోయినదని మా బావమరిది ఇప్పటికిని వాదించును. పాతదానిని ప్రేమించినవాడు కొత్తదానిని సరిపోల్చునది పాతదానితో కాదు, తన జ్ఞాపకముతో. జ్ఞాపకములో గళ్లు కనబడవు, మనిషియే కనబడును. కావున 2003 నాటి బొమ్మను 2020లో మరల గీయువాడు 2003తో పోటీపడుట లేదు. పదవ తరగతి కుర్రవాడు అర్ధరాత్రి తలుపు వేసికొని చూచిన దానితో పోటీపడుచున్నాడు.

ఆ పోటీలోనికి దిగినవారు మన పూనా, బొంబాయి యువకులు. 2020 సెప్టెంబరు 10వ తేదీన యూబీసాఫ్ట్‌వారు ‘శాండ్స్ ఆఫ్ టైమ్’ను సరికొత్తగా పునర్నిర్మించుచున్నామని ప్రకటించి, ఆ పనిని తమ పూనా, ముంబయి శాఖలకు అప్పగించితిమని చెప్పిరి. 2021 జనవరి 21న విడుదల యనియు నిర్ణయించిరి. 2008లో యూబీసాఫ్ట్ చేతికి వచ్చిన పూనా శాఖయు, 2018లో తెరచిన ముంబయి శాఖయు అంతవరకు ఎక్కువగా ఇతర శాఖల ఆటలకు సహాయపనులు చేయుచుండెను. ఇంత పేరున్న ఆటను తామే ముందుండి నడుపుట వారికి పెద్ద అవకాశము. ఆ వార్త మా చెవిని బడినప్పుడు మాకు కలిగిన గర్వము అంతయింత కాదు. మహారాజు కోటనుండి పోయిన బాకు మరల మన దేశమునకు వచ్చినట్లే తోచెను.

గర్వము ఒక పూటయైనను నిలువలేదు. ట్రైలరు చూచిన అభిమానులు దేశదేశములనుండి గేలి చేసిరి. ముఖములు మైనపు బొమ్మలవలె నున్నవనిరి. వెలుతురు చప్పగా నున్నదనిరి. పదేండ్ల వెనుకటి ఆటవలె నున్నదనిరి. నాడు కొత్త పెద్ద ఆటకు 60 డాలర్లు వెలయుండగా దీనికి 40 డాలర్లే పెట్టుట చూచి, అమ్మువారికే నమ్మకము లేదనిరి. ఇవన్నియు బొమ్మనుగూర్చిన మాటలు. కొందరు అంతటితో ఆగక, చేసినవారి దేశమునుగూర్చియు మాటలాడిరి.

మా కుమారుడు అప్పుడు కరోనా కారణమున పూనానుండి ఇంటికి వచ్చి, ఇంటినుండియే ఉద్యోగము చేయుచుండెను. ట్రైలరును మాకు చూపి, ‘బాపూ, ఇది మన పూనావాండ్లు జేసిండ్రట. అందుకే ఇట్లున్నది’ అని నవ్వెను. ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. ‘బొమ్మ బాగలేదను, తప్పు లేదు. మనవాండ్లు చేసినందుకే బాగలేదని ఎట్ల అంటవురా?’ అని అడిగితిమి. వాడును తగ్గలేదు. ‘ఆ ఆట గురించి నీకేమెరుక బాపూ! నేను దాన్ని పదిసార్లు ముగించిన’ అనెను. ఆ రాత్రి ఇద్దరమును మాటలాడక భోజనము చేసితిమి.

వాని మాటలో కొంత నిజము లేకపోలేదు. ట్రైలరులోని ముఖములు మాకును నచ్చలేదు. కాని మాకు నిదుర పట్టకుండుటకు కారణము అది కాదు. 2008లో మన వీధి కుర్రవాండ్రు ‘భక్త మార్కండేయ’ నాటకమును మరల ఆడిన సంగతి మాకు జ్ఞాపకమునకు వచ్చినది. మా బాల్యమున ఆ నాటకము ప్రతి యేట నారళీ పున్నమ దినములలో వీధిలోనే, పెట్రోమాక్సు దీపముల వెలుగున తెల్లవారువరకు నడచెడిది. ఆడువారు ఒక్కరొక్కరే గతించి, అది నిలిచిపోయి ఇరువదియేండ్లైన తరువాత ఎనమండుగురు కుర్రవాండ్రు దానిని తలకెత్తుకొనిరి. మేము, మా యీడువారము ముందు వరుసలో కూర్చుంటిమి. హార్మోనియమునకు బదులు రికార్డు పెట్టిరని ఒకరనిరి. యముని మీసము పోలీసు మీసమువలె నున్నదని ఒకరు నవ్విరి. పద్యమును సగము కోసి, మాటలలో సగము మరాఠీ కలిపిరని మేమే అంటిమి. అదియు గట్టిగా, మార్కండేయుడు లింగమును కౌగిలించుకొనిన సమయమున. అది నిజమే, వారు మరాఠీ బడిలో చదివిన పిల్లలు, తెలుగు అక్షరములు చదువలేక, పద్యములను దేవనాగరి లిపిలో వ్రాసికొని నేర్చిరి. ఆ సంగతి మాకు తరువాత తెలిసినది. మరుసటి యేడు వారు నాటకము మాట ఎత్తలేదు. ఆ మరుసటి యేడును ఎత్తలేదు.

తెల్లవారి మేము ఈ సంగతి కుమారునితో చెప్పితిమి. వాడు ఏమియు ననక, ఆ నాటకమున తాను తెరత్రాడు లాగితినని మాత్రము చెప్పెను. మాకది గుర్తే లేదు.

రాకుమారుని తరువాతి కథ వేగముగనే నడచినది; నడచినదనుటకంటె ఆగినదనుట మేలు. 2020 డిసెంబరులో విడుదలను మార్చి 18కి వాయిదా వేసిరి. 2021 ఫిబ్రవరిలో తేదీయే లేకుండ వాయిదా వేసిరి. 2022 మే నెలలో పనిని పూనా, ముంబయి శాఖలనుండి తీసి, 2003 నాటి ఆట పుట్టిన మాంట్రియలునకే అప్పగించిరి. అభిమానులలో పెక్కుమంది ‘ఇప్పుడు సరియైన చేతులలో పడినది’ అని సంతోషించిరి. 2024 జూనులో ఒక్క చిన్న దృశ్యము చూపి 2026లో విడుదల యనిరి. 2026 జనవరిలో, మరి కొన్ని ఆటలతో పాటు, దీనిని పూర్తిగా రద్దు చేసితిమని ప్రకటించిరి. ఆశించిన స్థాయికి తెచ్చుటకు ఇంకను కాలమును ధనమును వెచ్చింపవలసియుండెనని వారి సమాధానము. అంతటి మాంట్రియలు చేతిలోనే అది కుదురలేదు. పూనా యువకుల అసమర్థతయే కారణమని 2020లో తేల్చివేసినవారు ఈ సంగతిని తలపునకు తెచ్చుకొనిరో లేదో.

అభిమానులు ఎల్లప్పుడును తప్పే చెప్పుదురనుటయు న్యాయము కాదు. ఎల్లప్పుడును సరిగా చెప్పుదురనుటయు కాదు. 2023లో అదే సంస్థవారి ఫ్రాన్సు దేశపు మోంపెలియే శాఖ ‘లాస్ట్ క్రౌన్’ అను కొత్త రాకుమారుని ఆటను ప్రకటించినప్పుడు, మేము కోరినది ఇది కాదని, కథానాయకుడు రాకుమారుడే కాదని, ట్రైలరులోని పాట పర్షియాకు తగదని చాలమంది పెదవి విరిచిరి. 2024 జనవరిలో ఆట వచ్చిన పిమ్మట ఆడినవారు మెచ్చుకొనిరి. పాత్రలు పారశీక భాషలో మాటలాడునట్లు గూడ అందు ఏర్పాటు చేసిరి. పర్షియా పేరు పెట్టుకొన్న ఆట పర్షియా మాట మాటలాడుటకు ఇన్నేండ్లు పట్టెను. కాని మెచ్చుకొన్నంత మంది కొనలేదు కాబోలు, ఆ యేడు అక్టోబరు నాటికి ఆ నిర్మాతల బృందమును విడదీసి వేరు పనులకు పంపిరని వార్త వచ్చెను. పైస చెల్లింపక ఫ్లాపీలో ఆడిన మావంటివారము ఈ లెక్కలో ఏ పక్షమున నిలువవలెనో మాకు తెలియుట లేదు.

రద్దు వార్తను పూనానుండి ఫోనులో చెప్పినవాడు మా కుమారుడే. నవ్వలేదు. ‘అప్పుడు అట్లనే రానిచ్చినా బాగుండెను బాపూ’ అని, తరువాత ఆఫీసు సంగతులలోనికి పోయెను.

వేసవి సెలవులకు మనుమడు వచ్చినప్పుడు వానికి 1989 నాటి ఆటను చూపితిమి. తండ్రి చెప్పియుండుటచే వాడు గొప్పగా ఊహించుకొని వచ్చెను. తెరను చూచి, ‘తాతా, ఇతనికి మొగం ఏది?’ అని అడిగెను. నిజమే, ముఖమున్నచోట రెండు మూడు గళ్లు మాత్రమే కలవు. మాకు ముప్పదియేండ్లుగా ఆ సంగతి తట్టలేదు. వాడు పరుగెత్తించి మొదటి శూలములమీదనే పడవేసెను. షిఫ్టు మీట నొక్కిపట్టి అడుగులో అడుగు వేసిన శూలముల నడుమనుండియు పోవచ్చునని చూపితిమి. వ్రేళ్లు మరువలేదు. భోజనమునకు పిలుపు వచ్చువరకు ముగ్గురు కావలివాండ్రను దాటితిమి.

వ్రాయవలసిన దొకటి మిగిలినది. 2008లో నాటకమాడిన ఎనమండుగురిలో ఇద్దరు మొన్న మా యింటికి వచ్చిరి. వారికిప్పుడు పెండ్లిళ్లై బిడ్డలున్నారు. రాబోవు నారళీ పున్నమకు ‘మార్కండేయ’ను మరల ఆడవలెనని యున్నది, పాత నోటుపుస్తకము మీయొద్ద నున్నదట గదా అని అడిగిరి. ఉన్నది. మా తండ్రిగారి చేతివ్రాతలో, పెట్టె యడుగున, కలరాయుండల వాసనతో ఉన్నది. తీసి ఇచ్చితిమి. పద్యములను దేవనాగరిలో వ్రాసియిచ్చు పని మేము చేసెదమని చెప్పితిమి. రిహార్సలుకు రమ్మనిరి, వెనుక వరుసలో కుర్చీ వేయుమంటిమి. హార్మోనియమునకు మనిషి దొరకెనట. యముని మీసమునుగూర్చి మాత్రము ఇంకను తేలలేదట.